ఒక రూల్ మారితే ఎన్ని ఫైళ్లు తెరవాలి?

ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైందని, సీనియర్లు సాలిడ్ (కోడ్ డిజైన్‌కి ఐదు సూత్రాలు), డ్రై (డోంట్ రిపీట్ యువర్‌సెల్ఫ్, అంటే చెప్పిందే మళ్లీ చెప్పొద్దు), డిజైన్ ప్యాటర్న్స్ (తరచూ వచ్చే సమస్యలకు అలవాటైన పరిష్కారాలు) అంటుంటే వీటిలో ముందు ఏది పట్టుకోవాలో తెలియడం లేదని, రోజూ పనిలో ఏ అలవాట్లు ఉండాలో చెప్పమని అడిగారు. నేను పన్నెండేళ్లుగా వెబ్ అప్లికేషన్లు రాస్తున్నాను, ఎక్కువగా పీహెచ్‌పీ భాషలో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీద. నిర్వచనాలు ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు చదువుకున్నా వచ్చేస్తాయి. వాటికంటే ముందు మీకు అలవాటు కావాల్సింది ఒక ప్రశ్న. ఈ రూల్ రేపు మారితే నేను ఎన్ని చోట్ల కోడ్ ముట్టుకోవాలి?

నా మొదటి ఉద్యోగం అమీర్‌పేట దగ్గర ఒక చిన్న కంపెనీలో. ఇంజినీరింగ్ కాలేజీలకు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టే సైట్ చేసేవాళ్లం. గడువు దాటితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీ. ఆ లెక్క పేజీలో, అంటే బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌లో ఒకసారి ఉండేది, సర్వర్‌లో ఒకసారి, రసీదు తయారుచేసే ఫైల్లో ఇంకోసారి, రాత్రిపూట అకౌంట్స్ వాళ్లకి వెళ్లే రిపోర్ట్ క్వెరీలో మరోసారి. ఒక ఏడాది కాలేజీ వాళ్లు ఆదివారాలు, పండగ సెలవులు ఆ లెక్కలోంచి తీసేయమన్నారు. నేను మూడు చోట్ల మార్చాను. రిపోర్ట్ సంగతి నాకు తెలియదు, అది రాసిన ఆయన అప్పటికే మానేశారు. దసరా సెలవులు అయ్యాక రిపోర్ట్‌లో కొంతమంది పిల్లలకి బాకీ ఉన్నట్టు వచ్చింది, వాళ్ల హాల్ టికెట్లు ఆపేశారు. ఒకాయన ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, పూర్తిగా కట్టిన రసీదు చేతిలో పెట్టుకుని ఆఫీసు కిటికీ దగ్గర మధ్యాహ్నం దాకా నిలబడ్డారని ఆ కాలేజీ క్లర్క్ ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. తప్పు ఆయనది కాదు, ఆ క్లర్క్‌దీ కాదు. ఒకే లెక్కను నాలుగు చోట్ల ఉంచడం మా తప్పు.

తర్వాత దాన్ని ఎలా సరిచేశామంటే, లేట్ ఫీ లెక్క సర్వర్‌లో ఒక్క ఫంక్షన్‌లోకి వెళ్లింది. పేజీ కూడా సర్వర్‌నే అడిగి చూపిస్తుంది. డబ్బు కట్టిన క్షణంలో వచ్చిన అంకెను డేటాబేస్‌లో ఆ చెల్లింపు వరుసలోనే సేవ్ చేస్తాం, రసీదు, రిపోర్ట్ ఆ సేవ్ అయిన అంకెనే చదువుతాయి, మళ్లీ లెక్కపెట్టవు. దీనివల్ల ఇంకో మేలు జరిగింది. వచ్చే ఏడాది రూల్ మారినా పోయిన ఏడాది రసీదు మారదు.

డ్రై అంటే అసలు ఇదే. 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ అనే ప్రోగ్రామర్లు తమ పుస్తకంలో ఆ మాట తెచ్చినప్పుడు చెప్పింది ఒక విషయానికి సంబంధించిన తెలివిడి సిస్టమ్ మొత్తంలో ఒక్కచోటే ఉండాలని. చాలామంది దాన్ని ఒకేలా కనిపించే లైన్లు రెండుసార్లు రాయకూడదని అర్థం చేసుకుంటారు, అక్కడే ఇంకో రకం ఇబ్బంది మొదలవుతుంది. నేనూ అదే చేశాను. హాస్టల్ ఫీజు కోడ్, కాలేజీ ఫీజు కోడ్ అప్పట్లో దాదాపు ఒకేలా ఉన్నాయని రెండూ కలిపి ఒక ఫంక్షన్ చేశాను. ఆరు నెలలు తిరగకుండానే హాస్టల్ వాళ్లు మెస్ రోజుల లెక్క అడిగారు, కాలేజీ వాళ్లు స్కాలర్‌షిప్ తగ్గింపు అడిగారు, ఆ ఫంక్షన్‌కి ఒక్కొక్కటిగా ఏడు ఫ్లాగులు, అంటే ఇది హాస్టల్‌కా కాలేజీకా లాంటి అవును-కాదు గుర్తులు, వచ్చి చేరాయి, ఒకరి కోసం ఒక లైన్ మారిస్తే రెండోవాళ్ల లెక్క పోయేది. సాలిడ్‌లో మొదటి అక్షరం సింగిల్ రెస్పాన్సిబిలిటీ కదా, దాన్ని ఆ సూత్రాల్ని ప్రచారంలోకి తెచ్చిన రాబర్ట్ మార్టిన్ తర్వాత ఇంకా స్పష్టంగా చెప్పారు, ఒక మాడ్యూల్ (కోడ్‌లో ఒక భాగం) ఒకే రకం మనుషులకు జవాబుదారీగా ఉండాలని. వార్డెన్ అడిగితే మారే కోడ్, అకౌంట్స్ ఆఫీసు అడిగితే మారే కోడ్ ఈరోజు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నా సరే, విడిగా ఉండనివ్వండి. రెండు కాపీలు ఉంటే భయపడకండి, మూడోది వచ్చినప్పుడు చూసుకోవచ్చు. తప్పుగా కలిపినదాన్ని విడదీయడం చాలా కష్టం, నాకు మూడు వారాలు పట్టింది.

ఒక్కచోట ఉంటే చాలదు, ఎవరూ దాటి వెళ్లలేని చోట కూడా ఉండాలి. ఇది వెబ్ వాళ్లకి ప్రత్యేకం. పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సర్వీసు, డబ్బు అందిందని మనకి రెండు దారుల్లో చెబుతుంది, విద్యార్థి బ్రౌజర్ వెనక్కి వచ్చినప్పుడు ఒకసారి, వాళ్ల సర్వర్ మన సర్వర్‌ని నేరుగా పిలిచి ఇంకోసారి. మా కోడ్ ముందు ఈ లావాదేవీ నంబర్ టేబుల్లో ఉందా అని చూసేది, లేకపోతే ఇన్‌సర్ట్ చేసేది. చదివితే తప్పేం కనిపించదు. కానీ ఆ రెండు రిక్వెస్టులు ఒకే క్షణంలో వస్తే రెండూ చూస్తాయి, రెండింటికీ లేదనే కనిపిస్తుంది, రెండూ రాసేస్తాయి. ఒకసారి కట్టిన ఫీజు రెండుసార్లు జమ అయింది. ఇఫ్ కండిషన్లు ఎన్ని పెట్టినా ఇది పోదు. లావాదేవీ నంబర్ మీద యూనిక్ కీ, అంటే అదే విలువ రెండోసారి రాకూడదనే డేటాబేస్ నిబంధన, పెట్టాం, రెండోదాన్ని డేటాబేసే తిప్పికొడుతుంది, మన కోడ్ ఆ ఎర్రర్‌ని పట్టుకుని ఇది ముందే అందిందని జవాబిస్తే సరిపోతుంది.

బ్రౌజర్‌లో చేసే చెకింగ్ కూడా ఇంతే, అది వాడేవాళ్ల సౌకర్యం కోసం. మీ పేజీ తెరవకుండానే ఎవరైనా మీ సర్వర్‌కి రిక్వెస్ట్ పంపగలరు, కాబట్టి ప్రతి రూల్ సర్వర్‌లో ఉండి తీరాలి. డేటాబేస్‌కి ఇచ్చే ఎస్‌క్యూఎల్ ఆదేశంలో వాడేవాళ్లు ఇచ్చిన విలువను స్ట్రింగ్‌గా అతికించకుండా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ఆదేశాన్ని, విలువను విడివిడిగా పంపే పద్ధతి) వాడటం ఈరోజు నుంచే అలవాటు చేసుకోండి. డిలీట్ లాంటి పనిని మామూలు లింకుకి, అంటే గెట్ రిక్వెస్టుకి ఎప్పుడూ తగిలించకండి. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అని ఒకటి వచ్చింది, పేజీలోని లింకుల్ని ముందుగానే తెచ్చిపెట్టి స్పీడు పెంచేది. డిలీట్‌ని లింకుగా పెట్టిన సైట్లలో జనం ఏమీ నొక్కకుండానే వాళ్ల డేటా చెరిగిపోయింది.

డబ్బును ఫ్లోట్‌లో, అంటే దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే టైప్‌లో, పెట్టకండి. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపి చూడండి, 0.30000000000000004 వస్తుంది. పైసల్లో పూర్ణాంకంగా దాచుకోవచ్చు, డేటాబేస్‌లో డెసిమల్ టైప్ అయినా సరే.

తెలుగు పేర్ల గురించి కూడా చెప్పాలి, మన సైట్లలో దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదని నాకు బాధ. మా పాత టేబుల్ ఒకటి లాటిన్1లో, అంటే తెలుగు అక్షరాలు లేని ఎన్‌కోడింగ్‌లో ఉండేది, తెలుగులో టైప్ చేసిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా సేవ్ అయ్యాయి. అలా పోయిన పేరు మళ్లీ రాదు, ఫోన్ చేసి అడగాల్సిందే. టేబుల్, కనెక్షన్, పేజీ మూడూ యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌కోడింగ్) ఉన్నాయో లేదో మొదటిరోజే చూసుకోండి, మైఎస్‌క్యూఎల్‌లో అయితే యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకోండి, పాత యూటీఎఫ్8లో తెలుగు పడుతుంది గానీ ఎమోజీ పట్టదు. లక్ష్మి అనే పేరు కంటికి రెండక్షరాలే, యూనికోడ్‌లో (గుణింతపు గుర్తులు, పొల్లులు విడిగా లెక్కపెడితే) ఏడు, యూటీఎఫ్-8 బైట్లలో 21. రసీదులో చోటు లేదని బైట్ల లెక్కన 20 దగ్గర కత్తిరిస్తే ఆ అమ్మాయి పేరు విరిగిపోతుంది.

రోజువారీ అలవాట్లంటే, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో చిన్న చిన్న కమిట్లు (మార్పుల్ని ఒక మెసేజ్‌తో నమోదు చేయడం) చేయండి, మెసేజ్‌లో ఏం మార్చారో కంటే ఎందుకు మార్చారో రాయండి. ఏం మారిందో గిట్ ఎలాగూ చూపిస్తుంది. రివ్యూకి పంపేముందు మీ మార్పుల్ని మీరే ఒకసారి వేరేవాళ్ల కోడ్ చదివినట్టు చదవండి. బగ్ వస్తే ముందు అది దొరికేలా ఒక టెస్ట్ రాసి, అది ఫెయిల్ అవడం చూసి, తర్వాతే సరిచేయండి. పాస్‌వర్డ్ పొరపాటున గిట్‌లోకి వెళ్తే తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత చరిత్రలో ఉండిపోతుంది, కాబట్టి పాస్‌వర్డే మార్చేయాలి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మీ ప్రాజెక్టులో పన్ను లెక్క వెతకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా వస్తువుల జీఎస్టీ రేట్లు మారాయి కదా. రేటు ఒక టేబుల్లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అనే కాలమ్‌లతో ఉన్నవాళ్లు కొత్త వరుసలు కలిపి ఊరుకున్నారు, పాత బిల్లులు పాత రేటుతోనే నిలిచాయి. మీ కోడ్‌లో 12 శాతం, 18 శాతం ఎన్ని ఫైళ్లలో చేత్తో రాసి ఉన్నాయో లెక్కపెట్టి, ఆ సంఖ్య ఇక్కడ కామెంట్‌లో రాయండి, దాన్ని ఒకటికి ఎలా తేవాలో కలిసి చూద్దాం.