నాస్ రీసెట్ నొక్కే ముందు రౌటర్ తెరిచి చూడండి

ఇంట్లోని నాస్ (ఇంట్లో అందరి ఫైళ్లూ దాచే, నెట్‌వర్క్‌కి కలిపిన డిస్కుల డబ్బా) హ్యాక్ అయినట్టుందనీ, ఫైళ్ల పేర్లు మారిపోయి ఏదీ తెరుచుకోవడం లేదనీ, ఫ్యాక్టరీ రీసెట్ కొడితే సరిపోతుందా అనీ మీరు అడిగారు.

సరిపోదు. రీసెట్‌తో డబ్బా శుభ్రమవుతుందేమో గానీ, హ్యాకర్ లోపలికి వచ్చిన దారి అలాగే తెరిచి ఉంటుంది. పైగా తర్వాత ఎప్పుడో తిరిగి రాగల ఫైళ్లు కూడా పోతాయి. ఇంకా నొక్కకపోతే దయచేసి ఆగండి. 2023లో మా ఇంట్లో ఇదే జరిగింది.

కాకినాడలో అమ్మ దగ్గరున్నాను. నాలుగు రోజుల్లో నాన్నగారి ఆబ్దికం. తమ్ముడి పెళ్లిలో ఆయన పట్టుపంచె కట్టుకుని నవ్వుతూ కూర్చున్న ఫోటో ఒకటుంది, దాన్ని పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించమంది అమ్మ. రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో తెరిస్తే రాలేదు. ఫోన్ సమస్య అనుకుని లాప్‌టాప్ తీశాను. పెళ్లి ఫోల్డర్‌లో ప్రతి ఫైలు పేరు చివరా అర్థం లేని అవే అక్షరాలు, పక్కనే ఒక టెక్స్ట్ ఫైలు. మీ ఫైళ్లకు తాళం వేశాం, బిట్‌కాయిన్ పంపితే తీస్తాం అని అందులో ఉంది.

టీవీ స్టాండ్ కింది అరలో ఉన్న డబ్బా వైపు చూశాను. ఇంట్లో ఎవరూ దాన్ని వాడటం లేదు. అయినా రెండు లైట్లూ ఆగకుండా కొట్టుకుంటున్నాయి, డిస్కుల గరగర వంటింట్లోకి వినిపిస్తోంది. చేతులు వణికాయి. వెళ్లి కరెంటు ప్లగ్గు పీకేశాను.

అక్కడే నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకుంటాను. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) క్యూనాప్ అనే కంపెనీ నాస్‌ల మీద పడింది. ఫైళ్లు తాళం పడుతుంటే నాస్‌ని ఆపవద్దని అప్పుడు ఆ కంపెనీయే చెప్పింది. అది 7-జిప్ అనే, ఫైళ్లను కుదించి మూటకట్టే ప్రోగ్రామ్‌తో పాస్‌వర్డ్ పెట్టి ఫైళ్లను మూసేసే రకం. పని నడుస్తుండగానే పట్టుకున్న కొంతమందికి ఆ పాస్‌వర్డ్ దొరికింది కూడా. మాది ఆ కంపెనీ డబ్బా కాదు, అన్ని రకాల్లోనూ తాళంచెవి అలా దొరకదు. కానీ కరెంటు తీసేస్తే మెమరీలో ఉన్నదంతా పోతుంది. అందుకే ముందు నాస్ వెనక ఉన్న లాన్ వైరు పీకండి, కరెంటు ఉండనివ్వండి. లైట్లు ఇంకా కొట్టుకుంటుంటే తాళం వేసే పని డబ్బాలోనే నడుస్తోందన్నమాట, వెంటనే తెలిసినవాళ్లకు ఫోన్ చేయండి. వైరు పీకగానే ఆగిపోతే ఇంట్లో ఏదో కంప్యూటరే నెట్‌వర్క్ మీదుగా ఈ పని చేస్తోందని అనుమానించాలి, దాన్నీ విడదీయాలి.

ఈ తేడా కనిపెట్టడానికి మరో గుర్తు ఉంది. పాడైన ఫైలు యజమానిగా ఏ యూజర్ పేరు కనిపిస్తోందో చూడండి. మీ అబ్బాయి కంప్యూటర్‌కి ఇచ్చిన యూజర్ పేరు ఉండి, ఆ యూజర్‌కి అనుమతి ఉన్న ఫోల్డర్లు మాత్రమే పాడైతే వెతకాల్సింది ఆ కంప్యూటర్‌లో. అడ్మిన్ పేరుంటే నాస్ లోపలికే వచ్చారని అర్థం. మా దాంట్లో అడ్మిన్ అని ఉంది.

మర్నాడు పొద్దున్నే వచ్చిన కుర్రాడు డబ్బా చూసి, "డిస్కులు పోయాయండి, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు. అమ్మ సరేననబోయింది. అప్పుడే హైదరాబాద్ నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకు, నేను వస్తున్నా" అన్నాడు. రాత్రి బస్సెక్కి వచ్చి, స్నానం కూడా చేయకుండా కూర్చున్నాడు. రౌటర్‌కి ఇంటర్నెట్ తీగ తీసేసి, తన లాప్‌టాప్ ఒక్కటీ దానికి కలిపి నాస్ లాగ్ (ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో రాసిపెట్టే చిట్టా) తెరిచాడు. అడ్మిన్ పేరుతో వేల సార్లు తప్పిన లాగిన్లు. ఆ తర్వాత తెల్లవారుజామున ఒకటి సరిపోయింది. పాస్‌వర్డ్ నాన్నగారి పేరు, వెనక 123. పెట్టింది నేనే.

అసలు బయటివాడు మా డబ్బా గుమ్మం దాకా ఎలా వచ్చాడన్నది రౌటర్ పేజీలో తెలిసింది. యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంది. ఇంట్లోని ఏ పరికరమైనా ఎవరినీ అడక్కుండా రౌటర్‌లో తలుపు తెరుచుకునే సౌకర్యం అది. నాస్ అలాగే 8080 పోర్టును, అంటే ఆ నంబరు తలుపును, తెరిచిపెట్టుకుంది. దాని పక్కనే కెమెరాల డీవీఆర్ కోసం తెరిచిన మరో పోర్టు ఉంది. అది సీసీ కెమెరాలు బిగించినవాళ్లు తెరిచింది. ఊళ్లో ఎక్కడ చూసినా ఇదే. "ఫోన్‌లో కెమెరా కనపడాలి కదా మేడమ్" అంటారు, నెలకు కాస్త ఎక్కువ కట్టించి స్టాటిక్ ఐపీ, అంటే మన ఇంటికే ప్రత్యేకమైన, మారని ఇంటర్నెట్ అడ్రసు తీసుకోమంటారు, పోర్టు తెరిచి వెళ్లిపోతారు. చాలా కనెక్షన్లలో ఈ ఇంటర్నెట్ అడ్రసు (ఐపీవీ4) పదిమందికి ఉమ్మడిగా ఉంటుంది కాబట్టి బయటివాళ్లు నేరుగా మన ఇంట్లోకి రావడం కష్టం. ఆ మాత్రం రక్షణ కూడా మేము డబ్బు కట్టి తీయించుకున్నాం. రౌటర్ పాస్‌వర్డ్ కూడా పెట్టెలో వచ్చిందే. ఇంటి కరెంటు వైరింగ్ చేసినవాళ్లు తీగలు బయటికి వదిలేసి వెళ్తే ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం డబ్బులిచ్చి పంపిస్తున్నాం.

"మన ఫోటోలు ఎవడికి కావాలి" అనేవాళ్లతో నాకు ఓపిక లేదు. వాడికి ఫోటోలు అక్కర్లేదు, అవి మనకు కావాలని వాడికి తెలుసు.

ఇక రెండు డిస్కుల సంగతి. రెయిడ్ 1 పెట్టాం, ఒకటి పోయినా రెండోది ఉంటుందని అమ్మకు నేనే ధైర్యం చెప్పాను. ఒక డిస్కు చెడిపోతే అది నిజమే. తాళం పడినప్పుడు మాత్రం రెండింటిలోనూ ఒకేసారి పడింది, ఎందుకంటే ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ రాయడమే దాని పని. మమ్మల్ని కొంతవరకు కాపాడింది బీరువాలోని పాత హార్డ్ డిస్క్. 2018లో నేను కాపీ చేసి ఇస్తే, అమ్మ దాన్ని చీరలో చుట్టి నాన్నగారి వాచీ పక్కన పెట్టింది. దానికి కరెంటు లేదు, వైరు లేదు, అందుకే దాని జోలికి ఎవరూ రాలేకపోయారు. 2018 దాకా అన్నీ తిరిగొచ్చాయి. తమ్ముడి పెళ్లి 2019లో. నాన్నగారు పోయింది 2021లో. ఆ మధ్య ఫోటోలేవీ అందులో లేవు. ఆబ్దికానికి పెళ్లి ఆల్బమ్‌లోని ప్రింటునే స్టూడియోలో స్కాన్ చేయించాం.

మళ్లీ మొదలుపెట్టడానికి కొత్త డిస్కులు కొన్నాం. పాతవి అలాగే తీసి దాచాం. సాఫ్ట్‌వేర్‌ని వేరే కంప్యూటర్‌లో కంపెనీ సైటు నుంచి దింపి, డబ్బాని పూర్తిగా తుడిచాకే ఎక్కించాం. ఈ వరస ముఖ్యం. క్యూస్నాచ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) 2020 నాటికి సుమారు 62,000 నాస్‌లలో చేరింది. అది అప్‌డేట్‌లనే అడ్డుకునేది కాబట్టి, ముందు రీసెట్ చేసి తర్వాతే అప్‌డేట్ చేయమని అమెరికా, బ్రిటన్ సైబర్ భద్రతా సంస్థలు చెప్పాయి. అడ్మిన్ ఖాతా మూసేసి వేరే పేరుతో ఖాతా తెరిచాం, ఓటీపీ పెట్టాం. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్ఎంబీ1 తీసేశాం. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపి, తెరిచిన పోర్టులన్నీ చెరిపాం. స్టాటిక్ ఐపీ వదులుకున్నాం. ఇప్పుడు బయటి నుంచి చూడాలంటే మన పరికరాలను మాత్రమే రహస్య దారిలో కలిపే టెయిల్‌స్కేల్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారానే. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు కూడా మార్చాం, ఎందుకంటే ఆధార్, పాస్‌బుక్ స్కాన్లు కూడా ఆ డబ్బాలోనే ఉండేవి. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇచ్చాం.

మీ డబ్బా పాతదై, కంపెనీ అప్‌డేట్‌లు ఆపేసి ఉంటే దాన్ని ఇంక ఇంటర్నెట్‌కి కలపకండి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ డబ్బాలను బయటివాళ్లే రీసెట్ చేసి జనం ఫైళ్లన్నీ తుడిచేశారు. వాటికి చివరి అప్‌డేట్ వచ్చింది 2015లో.

వాడికి డబ్బు పంపకండి. తాళం పడిన డిస్కులు మాత్రం పారేయకండి. డెడ్‌బోల్ట్ అనే ముఠాకు 2022లో నెదర్లాండ్స్ పోలీసులు డబ్బు పంపినట్టే పంపి, తాళంచెవులు అందగానే ఆ చెల్లింపుల్ని వెనక్కి తీసుకున్నారు. అలా 155 తాళంచెవులు దొరికాయి. నో మోర్ రాన్సమ్ సైటులో అలాంటివి ఉచితంగా పెడుతుంటారు, మీ దగ్గరున్న టెక్స్ట్ ఫైలు అక్కడ ఎక్కిస్తే ఏ రకమో చెబుతుంది. మా రకానికి ఇంకా రాలేదు. రెండు మూడు నెలలకోసారి చూస్తూనే ఉన్నాను. ఆ రెండు డిస్కులూ బీరువాలో వాచీ పక్కనే ఉన్నాయి, పట్టుపంచె ఫోటో వాటిలోనే ఉంది.