777 అన్న జవాబు దగ్గరే ఇంటర్వ్యూ ఎందుకు ఆగింది?

ప్రశ్న: డిగ్రీ కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. లైనక్స్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే, ‘ఒక ఉద్యోగి నివేదిక ఫైలు తెరవబోతే పర్మిషన్ డినైడ్ అని వస్తోంది. ఫైలుకు మాత్రం అందరికీ చదివే అనుమతి ఉంది. మీరేం చేస్తారు?’ అని అడిగారు. ఫైలుకు 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ, ఇస్తానన్నాను. అక్కడితో ముగించారు. కమాండ్లన్నీ నాకు కంఠస్థమే. నేను ఈ రంగానికి పనికిరానా? అంతా క్లౌడ్‌లోకి వెళ్లిపోతున్న రోజుల్లో ఈ పర్మిషన్లను ఇంత లోతుగా నేర్చుకోవాలా?

జవాబు: పనికిరారని వాళ్లు అనలేదు, మీరే అనుకుంటున్నారు. ముందు ఆ మాట పక్కన పెట్టండి. కొత్తగా ఉద్యోగంలో చేరినవారిలో చాలామంది చేసే పొరపాటే మీరు ఇంటర్వ్యూలో చేశారు. కౌన్సెలింగ్‌లోకి రాకముందు కొన్నేళ్లు నేను సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను కాబట్టి, ఆ ప్రశ్న వెనక ఏముందో కాస్త వివరంగానే చెబుతాను.

777 ప్రమాదకరమని ఈపాటికి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వాళ్లను నిరాశపరిచింది అదొక్కటే అయి ఉండదు. మీరు ఆ ఫైలుకు 777 ఇచ్చినా అది ఆ ఉద్యోగికి తెరుచుకునేది కాదు. చదివే అనుమతి అందరికీ ఉందని ప్రశ్నలోనే చెప్పేశారు. అంటే అడ్డు ఫైలు దగ్గర కాదు, దారిలో ఎక్కడో ఉండాలి. ఆ సూచన మీ చెవిన పడింది, కానీ మీరు దాని మీద ఆగలేదు.

డైరెక్టరీని ఫైళ్లు దాచుకునే పెట్టెగా ఊహించుకోవడం మనకు అలవాటు. యూనిక్స్ దృష్టిలో అది పేర్ల పట్టిక. ఒక్కో వరుసలో ఒక పేరు, దాని పక్కన ఐనోడ్ (ఫైలు వివరాలు ఉండే చోటు) సంఖ్య. ఈ బొమ్మ మనసులో నిలిస్తే ఆర్ (చదవడం), డబ్ల్యూ (రాయడం), ఎక్స్ (నడపడం) అనే మూడు అనుమతి అక్షరాలకు డైరెక్టరీ మీద అర్థమేమిటో తేలిపోతుంది. డైరెక్టరీ మీద ఆర్ ఉంటే పట్టికలోని పేర్లు చదవవచ్చు. ఎక్స్ ఉంటేనే ఒక పేరు పట్టుకుని దాని వెనక ఉన్న ఐనోడ్ దాకా వెళ్లగలం, అంటే ఆ డైరెక్టరీని దాటగలం. డబ్ల్యూ ఉంటే వరుసలు చేర్చవచ్చు, కొట్టివేయవచ్చు, పేర్లు మార్చవచ్చు. అయితే ఎక్స్ తోడు లేకపోతే ఆ డబ్ల్యూ ఎందుకూ కొరగాదు.

మీ కంప్యూటర్‌లోనే ఒక డైరెక్టరీకి ఆర్ ఉంచి ఎక్స్ తీసేసి ఎల్‌ఎస్ -ఎల్ కొట్టి చూడండి. పేర్లు కనిపిస్తాయి, కానీ యజమాని, సైజు, తేదీ ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు వరుస కడతాయి. ఒక్కసారి కళ్లారా చూస్తే మళ్లీ మరచిపోరు. ఎక్స్ ఉంచి ఆర్ తీసేస్తే జాబితా రాదు, పేరు ముందే తెలిసిన ఫైలు మాత్రం తెరుచుకుంటుంది.

ఇప్పుడు మీ ఇంటర్వ్యూ ప్రశ్నకు వద్దాం. ఫైలు దారి /డేటా/ప్రాజెక్ట్/నివేదికలు/మార్చి అనుకోండి. అనుమతి సంఖ్యలో మూడు అంకెలు వరుసగా యజమాని, గ్రూపు, ఇతరులకు చెందినవి; ఆర్‌కు 4, డబ్ల్యూకు 2, ఎక్స్‌కు 1 కలిపితే ఒక్కో అంకె వస్తుంది. ఫైలు 644. డేటా, నివేదికలు రెండూ 755. మధ్యలో ఉన్న ప్రాజెక్ట్ మాత్రం 750, దాని గ్రూపులో ఆ ఉద్యోగి లేడు. కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, మూల డైరెక్టరీ నుంచి బయల్దేరి, మెట్టు మెట్టుకూ ఎక్స్ ఉందో లేదో చూసుకుంటూ వెళ్లి ప్రాజెక్ట్ దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాతి మెట్లకు ఎన్ని అనుమతులు ఇస్తే ఏం లాభం, అక్కడిదాకా చేరితే కదా! నేమ్‌ఐ -ఎల్ అనే కమాండుకు ఈ దారి మొత్తం ఇస్తే ప్రతి మెట్టు అనుమతులు, యజమాని, గ్రూపు ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది. అర నిమిషంలో దోషం దొరుకుతుంది. ఇంత మంచి కమాండు ఒకటుందని పాఠాల్లో చెప్పకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అది లేని యూనిక్స్ రకాల్లో ఒక్కో మెట్టు మీద ఎల్‌ఎస్ -ఎల్‌డీ కొట్టుకుంటూ పోవాలి.

దారి చూడడానికి ముందే తేల్చుకోవాల్సింది మరొకటి ఉంది: అడుగుతున్నది ఎవరు? కీబోర్డు ముందున్న మనిషి ఎవరన్నది కెర్నల్‌కు అనవసరం. నడుస్తున్న ప్రాసెస్ ఏ యూజర్ ఖాతాతో, ఏ గ్రూపులతో నడుస్తోందో అదే చూస్తుంది. వెబ్‌సైటులో 403 (ప్రవేశం లేదన్న సందేశం) వచ్చినప్పుడు తలుపు తడుతున్నది మీరు కాదు, వెబ్ సర్వర్ ఖాతా. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ డైరెక్టరీలు 755 బదులు 750తో తయారవుతున్నాయి. హోమ్‌లో వెబ్ పేజీలు పెట్టుకుని, ‘నిన్నటిదాకా వచ్చేది, కొత్త సర్వర్‌లో రావడం లేదు’ అనేవారి ఇబ్బందికి ఇదొక సాధారణ కారణం. ఇలాంటప్పుడు మీ ఖాతా నుంచి పరీక్షించి ‘నాకు తెరుచుకుంటోందే’ అనడం వల్ల ఏమీ తేలదు. సూడో -యు తో ఆ ఖాతాగానే మారి అదే పని చేసి చూడాలి.

గ్రూపుల దగ్గర రెండు చిక్కులు తరచుగా ఎదురవుతాయి. గ్రూపులో చేర్చాక కూడా పాత లాగిన్ పాత గ్రూపులతోనే సాగుతుంది. బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఐడీ అని ఒట్టిగా కొడితే ప్రస్తుత సెషన్‌లో ఉన్న గ్రూపులు, ఐడీ పక్కన యూజర్ పేరు ఇస్తే ఖాతా వివరాల్లో నమోదైన గ్రూపులు వస్తాయి. రెండూ వేరుగా కనిపిస్తే సమస్య అదే. రెండో చిక్కు ఇంకా బాధాకరం. యూజర్‌మాడ్ -ఏజీ అనాల్సిన చోట ‘ఏ’ మరచిపోయి -జీ మాత్రమే కొడితే కొత్త గ్రూపు చేరుతుంది, అదనంగా ఉన్న పాత గ్రూపులన్నీ పోతాయి. ఒక అనుమతి ఇవ్వబోయి పది లాక్కున్నట్టవుతుంది.

యజమాని, గ్రూపు, ఇతరులు అనే మూడు వరుసల్లో మీకు వర్తించే మొదటిదే లెక్క. 705 ఉన్న డైరెక్టరీలో గ్రూపు సభ్యుడికి ప్రవేశం లేదు, ఊరూ పేరూ తెలియని ఇతరులకు ఉంది. ‘ఇతరులకే ఉంటే నాకెందుకు ఉండదు’ అనే తర్కం ఇక్కడ పనిచేయదు. ఇంటర్వ్యూల్లో దీన్ని అడిగి తీరతారు. సర్వాధికారి ఖాతా అయిన రూట్ రాసిన, వేరెవరూ మార్చలేని ఫైలును మామూలు యూజర్ తన సొంత డైరెక్టరీలోంచి ఎలా తొలగించగలడన్నదీ అలాంటి ప్రశ్నే. తొలగించడమంటే పట్టికలో వరుస కొట్టివేయడం. అందుకు కావాల్సింది డైరెక్టరీ మీద అధికారం, ఫైలు మీద కాదు. అందరూ రాసుకునే టెంప్ డైరెక్టరీ 1777తో ఉండడానికి కారణం ఇదే. ఆ ముందున్న 1, అంటే స్టికీ బిట్ ఉన్నచోట ఫైలు యజమాని, డైరెక్టరీ యజమాని, రూట్ తప్ప వేరొకరు తొలగించలేరు.

777 గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక సంస్థలో పనిచేస్తున్నప్పుడు రాత్రి వేళ అప్‌లోడ్లు ఆగిపోయాయని ఫోను వచ్చింది. తొందరలో అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్ కమాండుకు, లోపలున్నవన్నీ మార్చేసే -ఆర్ జోడించి హోమ్ డైరెక్టరీల మొత్తానికి 777 ఇచ్చేశాను. అప్‌లోడ్లు నడిచాయి. తెల్లారేసరికి, దూరం నుంచి సర్వర్‌లోకి వచ్చేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీతో ఎవ్వరికీ లాగిన్ కుదరలేదు. హోమ్ డైరెక్టరీలో గానీ, కీలు ఉండే డైరెక్టరీలో గానీ యజమాని కానివారు రాయగలిగితే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఆ కీలను నమ్మదు. అది సబబే కూడా. అంతకన్నా నన్ను కుంగదీసింది వేరు: ఏ డైరెక్టరీకి ముందు ఏ అనుమతి ఉండేదో ఎక్కడా రాసి లేదు. బ్యాకప్‌తో పోల్చుకుంటూ ఒక్కొక్కటి సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి ఏ మార్పుకైనా ముందు, ఉన్న అనుమతులన్నీ రాసిచ్చే గెట్‌ఎఫ్‌ఏసీఎల్ -ఆర్ ఫలితాన్ని ఒక ఫైలులో భద్రపరుస్తాను. సెట్‌ఎఫ్‌ఏసీఎల్ --రిస్టోర్ తో అదే ఫైలు నుంచి పాత స్థితి తిరిగి వస్తుంది. -ఆర్ తో 644 ఇవ్వడమూ ప్రమాదమే, ఎందుకంటే డైరెక్టరీల ఎక్స్ కూడా ఎగిరిపోతుంది. సీహెచ్‌మాడ్‌లో పెద్ద అక్షరపు ఎక్స్ వాడితే అది డైరెక్టరీలకూ, అప్పటికే నడిపే అనుమతి ఉన్న ఫైళ్లకూ మాత్రమే చేరుతుంది.

మూడు వరుసల్లోని తొమ్మిది అనుమతి బిట్లూ సరిగ్గా ఉండి కూడా తిరస్కారం వస్తే ఎల్‌ఎస్ -ఎల్ వరుసలో అనుమతుల చివర ఏముందో చూడండి. కూడిక గుర్తు ఉంటే ఏసీఎల్ (ఒక్కో యూజర్‌కు, గ్రూపుకు విడిగా ఇచ్చే అనుమతుల జాబితా) ఉంది, దాని మాస్క్, అంటే గరిష్ఠ పరిమితి, అడ్డుపడుతూ ఉండవచ్చు. చుక్క ఉంటే సెలైనక్స్ (అదనపు భద్రతా వ్యవస్థ) లేబుల్ ఉంది. హోమ్ నుంచి వెబ్ డైరెక్టరీకి ఎంవీతో తరలించిన ఫైలు పాత లేబుల్‌నే మోసుకొస్తుంది. రిస్టోర్‌కాన్ కొడితే చక్కబడుతుంది, సెలైనక్స్‌ను ఆపేయనక్కర్లేదు. సందేశంలోని మాటలను కూడా నిదానంగా చదవాలి. ‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అన్నచోట అనుమతులు మార్చి లాభం లేదు. రూట్‌కు సైతం ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ వస్తే ఎల్‌ఎస్‌ఏటీటీఆర్ కొట్టి, ఫైలుకు మార్చడానికి వీల్లేని గుర్తు పెట్టారేమో చూడాలి.

ఇక క్లౌడ్ సంగతి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ వంశానికి చెందిన లైనక్సే నేటి కంటైనర్ల (ప్రోగ్రాములను విడివిడిగా నడిపే పెట్టెల) అడుగున ఉన్నది. కెర్నల్ పేర్లు చూడదు, సంఖ్యలు చూస్తుంది. బయట 1000 సంఖ్య ఖాతాకు చెందిన డైరెక్టరీని కంటైనర్‌కు జోడిస్తే, లోపలి ప్రోగ్రాము 999 సంఖ్యతో నడుస్తుంటే, మళ్లీ అదే పర్మిషన్ డినైడ్ రావచ్చు. కంటైనర్లను నిర్వహించే కుబర్నెటీస్‌లో ఎఫ్‌ఎస్‌గ్రూప్ అనే అమరిక పెట్టింది ఇలాంటి అవసరానికే. కాబట్టి డెవాప్స్ వైపు వెళ్లాలనుకున్నా ఇది వృథా పోదు.

సర్టిఫికెట్ గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. రెడ్ హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉండవు, యంత్రం ముందు కూర్చుని పనిచేసి చూపించాలి. ఫైలు అనుమతుల సమస్యలను గుర్తించి సరిచేయడం దాని పాఠ్యాంశాల్లోనే ఉంది. కమాండ్లు కంఠస్థం చేసే మీ అలవాటును మార్చేది ఇలాంటి పరీక్షే. కానీ ఫీజు ఇప్పుడే కట్టకండి. ముందు ఒక వర్చువల్ మెషీన్‌లో ముగ్గురు యూజర్లను, రెండు గ్రూపులను సృష్టించండి. ఒక మిత్రుడిని ఏదో ఒకచోట చెడగొట్టమనండి. కారణం కాగితం మీద రాసేదాకా ఒక్క అనుమతిని కూడా మార్చకూడదని నియమం పెట్టుకోండి. ఎవరు అడిగారు, ఏ దారి, ఏ పని, ఏ మెట్టు దగ్గర ఆగింది, ఎంత చిన్న మార్పుతో సరిపోయింది అని ప్రతిసారీ రాసుకోండి. ఇలాంటివి ఇరవై చేశాక పరీక్షకు దరఖాస్తు చేయండి. ఆ నోటు పుస్తకాన్ని ఇంటర్వ్యూకు కూడా తీసుకెళ్లండి.

మొన్న ఇంటర్వ్యూ చేసినవారికి ఒక చిన్న మెయిల్ రాయడం కూడా మంచిదని నా అభిప్రాయం. క్షమాపణలు వద్దు. ‘ఆ రోజు నా జవాబు తప్పు. ముందు ఆ ఉద్యోగి ఖాతా, గ్రూపులు చూసి, తర్వాత నేమ్‌ఐతో దారి మొత్తం పరిశీలించి, ఎక్స్ లేని మెట్టు పట్టుకుని, ఆయనకు అక్కడ ప్రవేశం ఉండాలా లేదా అని ఆ డైరెక్టరీ బాధ్యులను అడిగి, ఉండాలంటేనే గ్రూపులో చేరుస్తాను’ అని రెండు వాక్యాలు చాలు. బాధ్యులను అడగడం అన్న మాట మాత్రం వదలకండి, ఆ 750 ఎవరో కావాలనే పెట్టి ఉండవచ్చు. మెయిల్ పంపే ముందు ఆ డైరెక్టరీలను మీ మెషీన్‌లో నిజంగా తయారు చేసి, మీరు రాసిన వరుసలోనే దోషం దొరుకుతోందో లేదో ఒకసారి సరిచూసుకోండి.