పాత కొయ్య రైలుపెట్టెను బాగుచేయబోయే మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. చక్రాలూ చట్రమూ ఊడదీసి, దశాబ్దాల పాటు సామాను కొట్టుగా వాడిన కొయ్య రైలుపెట్టె ఒకటి మీ బృందం చేతికి వచ్చిందనీ, ముందుగా ఏ కలప ఎంత కొనాలో చెప్పమనీ రాశావు. ఇప్పట్లో ఏ కలపా కొనవద్దు. మొదటి కొన్ని వారాలు నీకు కావలసినవి టార్చిలైటు, కొలత టేపు, మెత్తని కుంచె, నోటుపుస్తకం, కెమెరా మాత్రమే. ఉలి, రంపం సంగతి తరువాత చూసుకోవచ్చు.

తొలినాటి రైలుపెట్టెలను చేసినవారు ఇంజన్లు చేసేవారు కారు, గుర్రపు బగ్గీలు చేసే పనివారు. 1830లో ఇంగ్లండులోని లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలు మొదలైనప్పుడు దానికి పెట్టెలు చేసి ఇచ్చిన నథానియల్ వర్స్‌డెల్ ఆ వృత్తివాడే. ఆనాటి మొదటి తరగతి పెట్టె బొమ్మ చూస్తే, మూడు బగ్గీలను ఒకదాని వెనుక ఒకటి చేర్చి ఒకే చట్రం మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది. గదికి ఆరుగురు చొప్పున 18 మంది అందులో పట్టేవారు, వారి సామాను పైకప్పు మీదికి ఎక్కేది. 1842లో రాణి అడిలైడ్ కోసం చేసిన పెట్టె యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. దాని ఫొటోలు తెప్పించుకుని, కింది పలకలు లోపలికి వంపు తిరిగిన తీరును, అతుకుల మీద వేసిన సన్నబద్దలను తీరిగ్గా చూడు. నీ పెట్టె ఎంత తరువాతి కాలానిదైనా ఆ బగ్గీ పోలికలు కొన్ని దానిలో కనబడతాయి.

ఈ పుట్టుక వల్లనే పైపెట్టె వేరు, అడుగు చట్రం వేరు అయ్యాయి. చట్రం బరువును, లాగుడును, కుదుపును మోస్తుంది, పైపెట్టె దాని మీద బోల్టులతో కూర్చుంటుంది. అందుకే కాలం చెల్లిన పెట్టెలను పైకి ఎత్తి కొట్లకూ కాపురాలకూ అమ్మగలిగారు. మీరు ఇప్పుడు వేరొక చట్రం వెతికి దాని మీద దీన్ని నిలబెట్టగలగడం కూడా అందువల్లనే సాధ్యం. లండన్ మెట్రోపాలిటన్ రైల్వే వారి 353వ నంబరు పెట్టె 1892 నాటిది. పట్టాలకు దూరంగా చాలా ఏళ్లు గడిపిన ఆ పెట్టె, ఆ రైల్వే 150 ఏళ్ల వేడుక కోసం 2013లో అలాగే మరో బండి చట్రం మీద తిరిగి నడిచింది. అన్నట్టు, మనం పెట్టె మొత్తాన్ని బోగీ అంటాం గానీ, ఆ మాటకు అసలు అర్థం పెట్టె రెండు కొసల కింద, నడిమి కీలు మీద పక్కలకు తిరిగే చిన్న చక్రాల బండి. నీ పెట్టె మొత్తానికి నాలుగే చక్రాలు ఉండేవని అంటున్నావు కాబట్టి, అవి నేరుగా చట్రానికే బిగించినవి, దానికి బోగీలే లేవు. చట్రం కోసం ఇతరులకు ఉత్తరాలు రాసేటప్పుడు ఈ తేడా మరిచిపోకు.

ఇక పెట్టెను చదవడం. ముందు పైకప్పు లోపలి వైపు చూడు. గుండ్రని రంధ్రాలను తరువాత చెక్కముక్కలతో మూసిన గుర్తులుంటే, అవి నూనె దీపాల చోట్లు. దీపాలు వేసే మనిషి పైకప్పు మీద నడుస్తూ, వెలిగించిన దీపాన్ని పైనుంచి ఆ రంధ్రంలోకి దింపేవాడు. రెండు గదుల మధ్య అడ్డుగోడకు సరిగ్గా పైన ఒకే రంధ్రం ఉంటే, ఆ గోడ భుజాల ఎత్తుకే ఉండేదనీ, ఒకే దీపం రెండు గదులకూ సరిపుచ్చేవారనీ, అది బహుశా మూడవ తరగతి పెట్టె అనీ ఊహించవచ్చు. గ్యాసు గొట్టాల బిగింపులు, వాటి మీద విద్యుత్ తీగల బిగింపులు కనబడితే పెట్టె ఎన్ని కాలాలు చూసిందో తెలుస్తుంది. నేల పలకల మీద అరగని గీతలు తీసేసిన అడ్డుగోడల చోట్లు. వాటి మధ్య దూరాన్ని కొలిచి రాసుకో. మోకాళ్లకు ఎంత చోటు ఇచ్చారన్నది తరగతిని పట్టి ఇస్తుంది. మూడవ తరగతికి కప్పు ఉండటమే ఒకప్పుడు గొప్ప. 1841 డిసెంబరు 24న ఇంగ్లండులోని సోనింగ్ దగ్గర రైలు మట్టిపెళ్లలను ఢీకొన్నప్పుడు తెరిచిన బండ్లలో కూర్చున్న పేదలే చనిపోయారు. 1844లో బ్రిటిష్ చట్టం మూడవ తరగతి వారికి ఆసనాలూ, ఎండావానల నుంచి రక్షణా ఉన్న రైలు నడపాలని శాసించింది.

రంగు విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయకు. వయసులో ఉన్నప్పుడు, ఒక పెట్టె పక్కపలక రంగును మంటదీపంతో ఒక్క పూటలో గీకేశాను. పని చక్కగా అయిందని మురిసిపోతుండగా, మా పెద్దమేస్త్రి వచ్చి, ఆ పొరల కింద ఉండిన నంబరు ఏమిటని అడిగాడు. జవాబు ఇప్పటికీ లేదు. తలుపు కీలు వెనుకో, తరువాత బిగించిన చెక్క కిందో, ఎండ తగలని చోట అరచేతి వెడల్పు జాగా ఎంచుకుని, తడి గరుకు కాగితంతో మెల్లగా రుద్దితే రంగు పొరలు ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాల్లా బయటపడతాయి. చీకట్లో టార్చిని పలకకు పక్కవాటుగా పట్టుకుంటే, కప్పేసిన అక్షరాల అంచులు కూడా కనబడవచ్చు. పాత రంగుల్లో సీసం ఉంటుంది కనుక పొడిగా రుద్దకూడదు, కాల్చకూడదు, ముక్కుకు తగిన ముసుగు లేకుండా అసలు ముట్టుకోకూడదు.

ఇప్పుడు కుళ్ళు సంగతి. కొయ్యపెట్టెకు నీరే శత్రువు, ఆ నీరు రెండు దారుల్లో వస్తుంది. మొదటిది పైకప్పు. వంపు కర్రల మీద పలకలు పరిచి, వాటి మీద సఫేదా రంగు దట్టంగా పూసి, కాన్వాసు గుడ్డను లాగి అతికేవారు. ఆ గుడ్డ అంచు దగ్గర చిరిగితే నీరు పక్కగోడ పై దూలంలోకి దిగి, నిలువు కర్రల తలలను తినేస్తుంది. రెండవ దారి తలుపులు, నా అనుభవంలో ఎక్కువ నష్టం ఇక్కడే. కిటికీ అద్దం తోలుపట్టీతో పైకి లాగబడి, వదిలితే తలుపు లోపలి గూటిలోకి జారుతుంది. అద్దంతో పాటు వాననీరూ ఆ గూటిలోకే దిగుతుంది. అది పోవడానికి అడుగున చిన్న రంధ్రాలు పెట్టారు గానీ, అవి దుమ్ముతో మూసుకుపోతే తలుపు అడుగు బద్ద పైకి బాగానే కనబడుతూ లోపల స్పంజిలా చివికిపోతుంది. సన్నని సూదిమొనతో ప్రతి తలుపు అడుగునూ గుచ్చి చూడు.

చెడిన భాగాన్ని తీసేటప్పుడు మంచి కర్ర తగిలేవరకే కోసి, అదే జాతి కర్రను ఏటవాలుగా అతుకు. అడుగు దూలాలకు ఓక్, వంగవలసిన చోట ఆష్, వెడల్పైన పలకలకు మహాగని వాడటం పాత పనివారి అలవాటు. గ్రేట్ నార్తర్న్ వంటి బ్రిటిష్ రైలు కంపెనీలు టేకు పలకలకు రంగు వేయక వార్నిష్ మాత్రమే పూసేవి. ఓక్‌లో ఇనుప స్క్రూలు దిగగొట్టవద్దు. ఓక్‌లోని ఆమ్లం ఇనుమును తిని, కర్రను నల్లబరుస్తుంది. ఇత్తడివి వాడు. పలకల వెనుక జిగురుతో అంటించిన గుడ్డపట్టీలు కనబడితే, చెత్త అనుకుని పీకవద్దు. పలుచని పలక పగలకుండా పట్టి ఉంచేవి అవే.

చక్రాల గురించి ఒక్క మాట. టేకు ముక్కలు 16 చేర్చి, చుట్టూ లోహపు పట్టా బిగించిన మాన్సెల్ చక్రం ఎక్కడైనా దొరికితే ప్రదర్శనకు దాచు. కొయ్య చక్రమని నవ్వేవారుంటారు గానీ, 1874లో ఇంగ్లండులోని షిప్టన్ దగ్గర ఒక పెట్టె చక్రం చుట్టూ ఉన్న లోహపు పట్టా విరిగి 34 మంది చనిపోయిన తరువాత నమ్మకమైనదిగా నిలిచింది ఈ పద్ధతే. పట్టా విరిగినా ముక్కలు ఎగిరిపోకుండా, చక్రానికి ఇరువైపులా బిగించిన లోహపు ఉంగరాలు దానిని పట్టి ఉంచుతాయి.

పెట్టె పని జరిగే కొట్టంలో నిప్పు విషయంలో నువ్వు కఠినంగా ఉండాలి. 1915లో స్కాట్లండులోని క్వింటిన్‌షిల్ రైలు ప్రమాదంలో గ్యాసు దీపాల కొయ్యపెట్టెలు అంటుకుని 200 మందికి పైగా చనిపోయారు. ఎండిన పాత వార్నిష్ ఎంత తొందరగా మండుతుందో నేను కళ్లారా చూశాను. నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకుండా, నీళ్లున్న డబ్బాలో వేయించు.

ముందు పైకప్పు పొడవు, వెడల్పు, వంపు ఎత్తు కొలిచి, తలుపుల అడుగు బద్దల ఫొటోలతో కలిపి పంపు. కాన్వాసు ఎన్ని గజాలు కావాలో, ఏ తలుపులు నిలబడతాయో చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య