హగరి ఏటి ఇసుకలో మంద పెట్టే అల్లుడికి

ఒరే అల్లుడూ,

బెంగళూరు ఉద్యోగం మానేసి కణేకల్లు దగ్గర మన ఇసుక చేలల్లో 200 జీవాలతో ఫారం పెడతావంట. మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. నేను ఫోన్ పెట్టేసి మీసం దువ్వుకున్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మేత, షెడ్డు సంగతి నీకు యూట్యూబు చెప్తుంది. జబ్బు చేస్తే పశువుల అంబులెన్సు 1962కి ఫోన్ కొట్టు. నేను రాసేది దొంగల గురించి.

మా కాలంలో దొంగ నడిచొచ్చి ఒక గొర్రెను భుజానేసుకుని పోయేవాడు. ఇప్పుడు కారు సీట్లు పీకేసి పదేసి కుక్కుకుపోతున్నారు. ఆషాఢంలో హగరి గాలి లేస్తే ఇంజను చప్పుడు వినపడదు. తెల్లారేసరికి టైరు జాడల్ని ఇసుక కమ్మేసి ఉంటుంది. గొర్రె ఎవడు పట్టుకున్నా నోరెత్తదు, మేకయితే ఊరంతా లేపుతుంది. మందలో నాలుగు మేకలుండనీ. కెమెరాలు పెట్టుకుంటావు, పెట్టుకో. బోరు కేబులు మీద కూడా ఒకటి తిప్పు. కానీ కెమెరా మొరగదు, కుక్కను పెంచు.

కుక్క అన్నాక ఒకటి చెప్పాల. మీ అమ్మకు కూడా తెలీదు.

నీకు మూడేళ్లప్పుడు ఒక అమాస రాత్రి నావి 11 జీవాలు పోయినాయి. ఏడు చూడివి. ఫిర్యాదుకు పోతే "నీవే అని గుర్తేమి?" అన్నారు. ఆ ఏడు బద్ధకించి చెవులు కోయలేదు, ఏం చెప్పేది? ఆ మంట మీద దొడ్డి చుట్టూ ఉత్త తీగ లాగి స్టార్టరు డబ్బా నుంచి కరెంటు ఇచ్చినా. రెండు రాత్రులు సిగ్గులేకుండా హాయిగా పడుకున్నా. మూడోనాడు తెల్లారి చూస్తే నా నల్లోడు తీగ కరుచుకుని పడున్నాడు. ఫ్యూజు పీకి, దవడ విడదీస్తా ఉంటే కట్టెలకు పోయే అవ్వ వచ్చింది. రోజూ చీకటితోనే నా గట్టు మీదుగానే పోతుంది. మనవరాలికి జ్వరమని ఆ పొద్దు ఆలస్యమైందంట. "ఏమప్పా, ఏమైంది కుక్కకు?" అనింది. ఆమె చెప్పు తీగకు జానెడు దూరంలో ఉండింది. నాకు నోట మాట రాలేదు, అట్లే ఇసుకలో కూలబడిపోయినా.

పై అమాసకు మళ్లీ వచ్చినారు. మొరగను నల్లోడు లేడు. ఈసారి 14.

వినపడిందా గాడిదా? కంచెకు లైను కరెంటు ముట్టించినావంటే నీ గడప తొక్కను. మనిషి చస్తే ముద్దాయివి నువ్వే. చంపకుండా ఒక్క క్షణం షాక్ కొట్టి వదిలే సోలార్ ఝట్కా కంచె వేస్తానంటావేమో. వెయ్, బోర్డు కూడా కట్టు.

చెవికి 12 అంకెల ట్యాగు వేయించు. దొంగ దాన్ని పీకేస్తాడు కాబట్టి నీ సొంత కోత కూడా ఉండాల. కారు కనపడితే అడ్డం పోవద్దురా, నంబరు చూసుకో, 112 కొట్టు. జీవాలు ఎల్ల దాటి బళ్లారి దిక్కు పోయినా సరే, ఏ స్టేషన్లోనైనా, మా హద్దు కాదనకుండా, జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాల్సిందే. కాపీ డబ్బుల్లేకుండా ఇస్తారు, అడిగి తీసుకో.

మా కొట్టంలో కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒకటి నల్లది. పాలు మానినాక వచ్చి తీసుకుపో. అవ్వ సంగతి మీ అమ్మకు చెప్పొద్దు.

మీ మామ