తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా దేన్నీ నమ్మకండి: ఒక ఆర్కన్సా అభిమాని జోస్యాలు

మీ ప్రశ్న ఇది: "మా తమ్ముడు ఎంఎస్‌కి అమెరికా వెళ్లాడు. ఫోన్ చేస్తే చదువు ఊసు తక్కువ, కాలేజీ బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ ఊసు ఎక్కువ. కాలేజీ పిల్లలు ఆడే ఆటకి ఇంత పిచ్చేంటి? ఈ సీజన్లో ఎవరు గెలుస్తారో తెలిసినవాళ్లు చెప్పండి."

మీ తమ్ముణ్ని ఏమీ అనకండి. నాదీ అదే జబ్బు. ఎనిమిదేళ్లయింది, తగ్గలేదు. 2017 ఆగస్టులో ఫాయెట్‌విల్‌లోని ఆర్కన్సా యూనివర్సిటీకి వచ్చేనాటికి నేను బేస్‌బాల్ బ్యాట్‌ని చేత్తో ముట్టుకుని ఎరగను. చదువయ్యాక పక్కనే బెంటన్‌విల్‌లో ఉద్యోగం. వాల్‌మార్ట్ హెడ్డాఫీసున్న ఊరు కాబట్టి మనవాళ్లకి ఇక్కడ కొదవ లేదు, ఆదివారం క్రికెట్ ఆడదామంటే మనుషులు ఇట్టే దొరుకుతారు. నేను మాత్రం ఆ టైముకి ఇంట్లో కూర్చుని బేస్‌బాల్ చూస్తుంటాను. నాకు ఎవరిమీద అభిమానమో ముందే చెప్పేస్తున్నా, తర్వాత తిట్టుకోవద్దు. నేను ఆర్కన్సా రేజర్‌బ్యాక్స్ మనిషిని. రేజర్‌బ్యాక్ అంటే అడవిపంది.

పిచ్చి ఎందుకంటే, ఈ రాష్ట్రానికి ఎన్‌బీఏ అనే ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగులో జట్టు లేదు, మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు లేదు. ఉన్నదల్లా యూనివర్సిటీ జట్టే. ఫాయెట్‌విల్ జనాభా సుమారు లక్ష. అందులో బడ్ వాల్టన్ అరీనా అనే బాస్కెట్‌బాల్ స్టేడియంలో పంతొమ్మిది వేలకి పైగా సీట్లు. మొదటిసారి అక్కడికి నన్ను ల్యాబ్‌మేట్ లాక్కెళ్లాడు. ఆట మొదలవ్వకముందే అందరూ లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, వేళ్లు ఆడిస్తూ "వూఊఊ" అని రాగం తీశారు. అది పెరిగి పెరిగి, "పిగ్" అని పిడికిలి కిందికి గుంజి, "సూయీ" అని మళ్లీ చేతులు చాపారు. ఇలా మూడుసార్లు. పూర్వం రైతులు పందుల్ని మేతకి పిలిచే కేకట అది. వీడియో తీసి ఇంటికి పంపితే మా నాన్న, "నువ్వు చదువుకోడానికి వెళ్లావా, పందుల్ని పిలవడానికి వెళ్లావా?" అని మెసేజ్ పెట్టారు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, నాన్న మళ్లీ వస్తారు.

ముందు బాస్కెట్‌బాల్. సీజన్ ఇప్పుడే, ఈ 2025 నవంబరులోనే మొదలైంది. మార్చిలో 68 జట్ల టోర్నమెంటు. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఆ 68లో మొదటి విడతలో నాలుగు తీసేశాక మిగిలిన 63 మ్యాచ్‌ల్లో ఎవరు గెలుస్తారో ముందే కాగితం మీద రాసి పెట్టుకోవడాన్ని బ్రాకెట్ అంటారు. ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో అందరూ నింపుతారు. ప్రతి మ్యాచ్‌కీ బొమ్మా బొరుసూ వేసి నింపితే అన్నీ సరిగ్గా పడే అవకాశం తొమ్మిది పక్కన పద్దెనిమిది సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతు. నా అనుభవంలో బొమ్మా బొరుసే మెరుగు. 2023లో ఎంతో లెక్కవేసి పర్డ్యూ ఛాంపియన్ అని రాశాను. వాళ్ల సెంటర్ జాక్ ఈడీ ఏడడుగుల నాలుగంగుళాల మనిషి, వాణ్ని దాటి బుట్టలో బంతి వేసేదెవరు అనుకున్నా. మొదటి రౌండ్లోనే ఫెయిర్లీ డికిన్సన్ అనే చిన్న యూనివర్సిటీ 63-58తో పర్డ్యూని ఇంటికి పంపింది. జట్ల బలాన్నిబట్టి ఇచ్చే ర్యాంకుని సీడు అంటారు, పురుషుల టోర్నమెంటులో అట్టడుగున ఉండే పదహారో సీడు ఒకటో సీడుని ఓడించడం చరిత్రలో అది రెండోసారి. మొదటిది 2018లో వర్జీనియాకి జరిగింది. ఆ ఏడు మా ఆఫీసు బ్రాకెట్ గెలిచింది, జెర్సీ రంగులు చూసి టిక్కులు పెట్టిన ఒక కొలీగ్ భార్య. నేను చివర్నించి మూడో స్థానం.

అయినా బుద్ధి రాలేదు. ఈసారి కూడా నా ఓటు పర్డ్యూకే. కారణం చెబుతా. ఇప్పుడు కాలేజీ ఆటలో ముదురు జట్టుదే రాజ్యం. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఆటగాళ్లు ఏటా కాలేజీ మారొచ్చు. 2021 నుంచి వాళ్ల పేరూ ముఖమూ వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లిస్తున్నాయి. దాంతో పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఒక్క ఏడాది మెరిసి ఎన్‌బీఏకి పోతుంటే, ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు కాలేజీలోనే ఉండి గట్టిపడుతున్నారు. 2025 ఏప్రిల్లో హ్యూస్టన్‌ని 65-63తో ఓడించి కప్పు ఎత్తిన ఫ్లోరిడాని చూడండి. వాల్టర్ క్లేటన్, అలైజా మార్టిన్, విల్ రిచర్డ్, ముగ్గురూ సీనియర్లే. ఈసారి అలాంటి ముదుర్లు పర్డ్యూలో ఉన్నారు. బ్రేడన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్, ట్రే కాఫ్‌మన్-రెన్ ఏళ్ల తరబడి కలిసి ఆడుతున్నారు, 2024 ఫైనల్లో యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) చేతిలో 75-60తో ఓడిన చేదు కూడా కలిసే మింగారు. స్మిత్ పాస్ ఇచ్చేటప్పుడు తల తిప్పి కూడా చూడడు, అవతలివాడు ఎక్కడుంటాడో వాడికి తెలుసు. ఆ యూనివర్సిటీ ఇంతవరకూ ఈ టోర్నమెంటు నడిపే ఎన్‌సీఏఏ అనే కాలేజీ ఆటల సంఘం కప్పు గెలవలేదు. అక్కడ చదివిన నా ఫ్రెండు ఒకడున్నాడు, "నువ్వు మా పేరు రాయకురా బాబూ, నీ చెయ్యి మంచిది కాదు" అని ఏటా బతిమాలతాడు. ఈసారీ రాసేశా.

ఫైనల్ ఫోర్, అంటే ఆఖరి నాలుగు జట్లలో మిగిలినవాళ్లు హ్యూస్టన్, ఫ్లోరిడా, డ్యూక్. హ్యూస్టన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కెల్విన్ సాంప్సన్ కోచింగ్‌లో వాళ్లు డిఫెన్స్ ఆడుతుంటే చూసే మనకే ఊపిరాడదు. డ్యూక్‌లో క్యామరన్ బూజర్ కొత్తకుర్రాడు. ఇప్పుడే కదా ముదురు జట్లు అన్నాను, వాడొక్కడికి మినహాయింపు ఇస్తున్నా.

మరి మావాళ్లు? జాన్ కాలిపరి 2024లో కెంటకీ వదిలి మాకు కోచ్‌గా వచ్చాడు. మొదటి ఏడాదే పదో సీడుతో వెళ్లి కాన్సాస్‌ని ఓడించాం, రిక్ పిటినో శిక్షణలోని సెయింట్ జాన్స్‌ని ఓడించాం. తర్వాత టెక్సస్ టెక్‌తో పదహారు పాయింట్లు ముందుండి, ఓవర్‌టైమ్‌లో 85-83తో ఓడాం. పదహారు పాయింట్లు! ఆ రాత్రి సోఫాలోంచి లేవలేదు, వండుకున్న ఉప్మా అలాగే గిన్నెలో గడ్డకట్టింది. ఈసారి డెరియస్ ఏకఫ్, మలీక్ థామస్ అని ఇద్దరు కొత్త గార్డులు వచ్చారు. ఏకఫ్ మీద నాకు చాలా ఆశ. బంతి చేతిలో ఉంటే కంగారన్నది కనబడదు. కానీ నా సూత్రం ప్రకారమే మా జట్టు పసిది. ఆఖరి ఎనిమిది దాకా వెళ్తాం, అక్కడ ఆగుతాం. 1994లో నోలన్ రిచర్డ్‌సన్ కోచ్‌గా డ్యూక్‌ని 76-72తో ఓడించి గెలిచిన కప్పే మాకు ఒకేఒక్కటి. ఇక్కడి పెద్దవాళ్లు దాని గురించి మనవాళ్లు 1983 లార్డ్స్ గురించి చెప్పినట్టు చెబుతారు, ఎవరింట్లో ఏ టీవీలో చూశారో సహా.

ఇక బేస్‌బాల్. అసలు కథ ఇదే, కాస్త ఓపిక పట్టండి.

కాలేజీ బేస్‌బాల్ ఫిబ్రవరి మధ్యలో మొదలై జూన్‌లో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా అనే ఊళ్లో ముగుస్తుంది. 1950 నుంచీ అక్కడే. వారాంతంలో ఒకే జట్టుతో శుక్ర, శని, ఆది వరసగా మూడు మ్యాచ్‌లు. అందరికంటే గట్టి పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) శుక్రవారం వేస్తాడు. బ్యాట్లు అల్యూమినియంవి, బంతి తగిలితే "టింగ్" అని స్టీలు చెంబు కిందపడ్డ శబ్దం. మా స్టేడియం పేరు బాం-వాకర్. ఎడమవైపు కంచె అవతల హాగ్ పెన్ అని ఒక జాగా, అక్కడ జనం మడతకుర్చీలు వేసుకుని గ్రిల్లు వెలిగించుకుని కూర్చుంటారు. పొగ గాలికి మైదానం మీదికి వస్తుంది. నేను మాత్రం తొక్కతో ఉన్న వేరుశెనక్కాయలు కొనుక్కుని ఒలుచుకుంటూ చూస్తాను. తొక్కలు కిందే పడేయాలి, అదే పద్ధతి. ఆరో ఇన్నింగ్స్‌కి కాళ్లకింద కరకరలాడుతుంటాయి. మార్చిలో అయితే చలికి వేళ్లు కొంకర్లు పోయి ఒలవలేం.

కప్పు? మాకు ఒక్కటీ లేదు. 1979లో ఫైనల్లో ఓడాం. 2018లో ఓడాం. ఆ 2018 సంగతి నా కళ్లముందే ఉంది, నేను వచ్చిన మొదటి ఏడాది. ఒరెగన్ స్టేట్‌తో మూడు మ్యాచ్‌ల ఫైనల్. మొదటిది గెలిచాం. రెండోదాంట్లో 3-2తో ముందున్నాం, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, ఇంకొక్క ఔట్ చాలు. బంతి గాల్లోకి లేచింది, ఫౌల్ లైన్ అవతల (అక్కడ పట్టినా ఔటే), మెల్లగా దిగుతోంది. ముగ్గురు పరిగెత్తారు. నీది అంటే నీది అనుకున్నారో, నాది అంటే నాది అనుకున్నారో, ముగ్గురి మధ్యా నేలమీద పడింది. గిబ్స్ చేతిలోంచి స్టీవ్ వా క్యాచ్ జారిన 1999 తెలుసు కదా, అదే అనుకోండి. అదే బ్యాటర్ వెంటనే కొట్టి స్కోరు సమం చేశాడు, తర్వాతివాడు హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. 5-3. మర్నాడు 5-0తో మూడోదీ పోయింది. మా అపార్ట్‌మెంటులో నలుగురం తెలుగువాళ్లం, అప్పటికి ఆటలో సగం రూల్సు తెలియవు, అయినా ఎవరూ ఏమీ మాట్లాడకుండా వెళ్లి పడుకున్నాం. నేను అభిమానినయ్యింది ఆ రాత్రే. గెలిచుంటే బహుశా మర్చిపోయేవాణ్నేమో.

2025 జూన్‌లో నాన్న ఇక్కడున్నారు. మొదటి వారం తెనాలి ఎండల గురించి, ఇక్కడి కూరగాయల ధరల గురించి మాట్లాడి ఖాళీ అయిపోయారు. 16వ తేదీ సోమవారం మధ్యాహ్నం నేను ఇంటినుంచే పనిచేస్తూ టీవీ పెట్టుకున్నా, మరే స్టేట్‌తో మ్యాచ్. మా పిచ్చర్ గేజ్ వుడ్ ఒక్కణ్నీ కొట్టనివ్వడం లేదు. అయిదో ఇన్నింగ్స్‌కి నాన్న కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకున్నారు. "వీడి బంతి ఎవడికీ తగలడం లేదేంట్రా?" అన్నారు. నేను గబుక్కున నోటిమీద వేలు పెట్టా. అవతలివాళ్లకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించడాన్ని నో-హిట్టర్ అంటారు, అది నడుస్తుంటే ఆ మాట పైకి అనకూడదు, ఇక్కడి నమ్మకం. నాన్నకి వివరించక్కర్లేకపోయింది. గవాస్కర్ తొంభైల్లో ఉన్నప్పుడు రేడియో ముందునుంచి ఎవర్నీ లేవనివ్వని మనిషి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బంతి బ్యాటర్ ఒంటికి తగిలి వాడు ఊరికే బేస్ మీదికి నడిచాడు (అది హిట్ కింద లెక్క కాదు), అప్పటిదాకా ఒక్కడు కూడా ఎక్కలేదు. "ఇదేం రూలు, తప్పుకోవచ్చుగా వాడు?" అని నాన్న కోపం. 119 బంతులు, 19 మంది స్ట్రైకౌట్ (బంతి కొట్టలేక ఔట్), 3-0. ఒమాహాలో నో-హిట్టర్ 1960 తర్వాత అదే. నాన్న లేచి రెండు చేతులూ ఎత్తి వేళ్లు ఆడించారు. వీడియో తీసుకోలేదు నేను, ఇప్పటికీ బాధ.

రెండ్రోజులకి ఎల్ఎస్‌యూతో, అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీతో. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వాళ్ల బ్యాటింగ్ వంతు వచ్చేసరికి 5-3తో ముందున్నాం. బంతి ఎడమవైపు ఫీల్డర్ దగ్గరికి గట్టిగా వెళ్లింది, ఆ అబ్బాయి కాలు జారింది. రెండు రన్లు. మరో బంతి మా రెండో బేస్ కుర్రాడి గ్లవ్‌కి తగిలి అవతల పడింది. 6-5. కాలు జారిన అబ్బాయి పేరు రాయను, ఏడాది పొడుగునా వాడే మమ్మల్ని మోశాడు. నాన్న కాసేపాగి, "రేపు మళ్లీ ఉందా?" అన్నారు. లేదు నాన్నా, అయిపోయింది అన్నా. ఎల్ఎస్‌యూ ఆ ఊపులోనే కోస్టల్ కెరొలైనాని ఓడించి ఎనిమిదో కప్పు పట్టుకుపోయింది.

2026 జోస్యం. ఎల్ఎస్‌యూ మళ్లీ బలంగానే ఉంటుంది. కానీ 2010, 2011ల్లో సౌత్ కెరొలైనా తర్వాత వరసగా రెండేళ్లు ఎవరూ గెలవలేదు, వీళ్లూ గెలవరు. ఇది విశ్లేషణో కడుపుమంటో మీరే తేల్చుకోండి. టెనెసీకి కష్టమే, కోచ్ టోనీ విటెల్లో 2025 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అనే మేజర్ లీగ్ జట్టుకి మేనేజరుగా వెళ్లిపోయాడు. ఒకప్పుడు మా దగ్గర అసిస్టెంటుగా పనిచేసినవాడే. నా ఎంపిక లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ. షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డరు) రాక్ చొలాస్కీ అక్కడున్నాడు, ప్రొఫెషనల్ జట్లు కొత్తవాళ్లని ఎంచుకునే 2026 డ్రాఫ్టులో మొదటి పేరు వాడిదే అవుతుందని నా నమ్మకం. 2019 నుంచి 2025 దాకా జరిగిన ఆరు కప్పులూ మా ఎస్ఈసీ (మేమూ, ఎల్ఎస్‌యూ, టెనెసీ ఉన్న లీగు) జట్లకే వచ్చాయి, ఆ వరస ఈసారి తెగుతుంది. మా వుడ్ ప్రొఫెషనల్ ఆటకి ఫిలడెల్ఫియా వెళ్లిపోయాడు, షార్ట్‌స్టాప్ వెహీవా అలోయ్ బాల్టిమోర్ వెళ్లిపోయాడు. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) రైడర్ హెల్ఫ్రిక్ ఉన్నాడు, అది ధైర్యం. డేవ్ వాన్ హార్న్ కోచ్‌గా ఉన్నంతకాలం ఒమాహా దాకా వెళ్తాం. అక్కడ ఏ బంతి ఎవరి మధ్య పడుతుందో నేను చెప్పలేను.

మీ తమ్ముడిది ఏ యూనివర్సిటీయో రాయలేదు. ఎల్ఎస్‌యూ అయితే మాత్రం నాకు చెప్పొద్దు. నాన్న మొన్న తెనాలినుంచి ఫోన్ చేసి, ఆ ఛానెల్ అక్కడ వస్తుందా అని అడిగారు. రాదన్నాను. అయితే ఫిబ్రవరి నుంచి ప్రతి శుక్రవారం స్కోరు వాట్సాప్‌లో పెట్టమన్నారు, మ్యాచ్ అయ్యాకే, మధ్యలో వద్దట.