కువైట్ పోయే ముందు

సునీతా,

ఖల్లివెల్లి ఆడవాళ్ల మీద, అంటే పనిచేసే ఇంటినుంచి పారిపోయి కాగితాల్లేకుండా బతికేవాళ్ల మీద, పీహెచ్‌డీకి కువైట్ పోతున్నావని మీ అమ్మ చెప్పింది. మన రాజంపేట ఆడవాళ్లం గిన్నెలు తోమడానికి పోయినోళ్లం. మా గురించి రాయడానికి మనింటి పిల్లే పోతోందంటే గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు.

వీసా, ఇన్సూరెన్సు నువ్వే చూసుకుంటావు.

నా భయమంతా నీ ఫోను. మేం కువైట్‌లో హసావీ అనే పేటలో ఉన్నప్పుడు ఒకాయన వచ్చాడు, తెలుగాయనే. మన కష్టాలు అందరికీ చెప్తానన్నాడు. మంచోడే, బిర్యానీ కూడా తెచ్చాడు. మంచాల మధ్య కట్టుకున్న చీరతెరలు ఫోటో తీసి, ముఖాలు పడలేదులే అన్నాడు. కిటికీలోంచి ఎదురుగా ఉన్న బకాలా (కిరాణా కొట్టు) బోర్డు పడింది. అది ఫేస్‌బుక్‌లో పెట్టాక రూము పోల్చడానికి పోలీసులే అక్కర్లేదు, ఆడవాళ్లు ఏ ఇంటినుంచి పారిపోయి వచ్చారో ఆ ఇంటి డ్రైవరు చూస్తే చాలు. రాత్రికి రాత్రే మూటలు సర్దుకుని తలో దిక్కు పోయారు. ఒకామె షుగర్ మాత్రలు ఫ్రిజ్ మీదే ఉండిపోయాయి. బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, లేనిదే సర్కారు క్లినిక్‌లో చూడరు, అందుకని ఊరినుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకున్న మాత్రలవి. ఆయన్ని ఒక్కరూ తిట్టలేదు. నాకు ఇప్పటికీ అదే మంట.

అందుకే రూముల్లో ఫోటో వద్దు, వాయిస్ రికార్డింగ్ వద్దు, పేర్లు రాయొద్దు. చెకింగ్ వస్తే నువ్వు పాస్‌పోర్టు చూపించి బయటపడతావు, వాళ్లు పడరు.

"మీ అవసరాలేంటి" అని కాగితం పట్టుకుని అడిగావంటే తంతాను. "అకామా (అక్కడ ఉండే పర్మిట్) ఎందుకు పోయింది" అన్నా నిజం రాదు. డబ్బులెట్లా పంపుతున్నావక్కా అని అడుగు. బతాకా లేకుంటే ఎక్స్ఛేంజీలో తీసుకోరు. ఎవరి పేరు మీద పంపుతోంది, వాళ్లెంత పట్టుకుంటున్నారు, ఊళ్లో ఎవరి ఖాతాలో పడుతోంది, ఇవన్నీ చెప్తూ చెప్తూ బతుకంతా చెప్పేస్తారు. 2018లో కువైట్ సర్కారు ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఇచ్చి, జరిమానా లేకుండా పొమ్మన్నా కొందరు ఎందుకు పోలేదో అక్కడే తెలుస్తుంది. ఏజెంటు బాకీ తీరకుండా ఏ ముఖం పెట్టుకుని ఇంటికొస్తారు? వాళ్లకి తెలివిలేదని మాత్రం రాయకు తల్లీ.

నువ్వు తిన్నావా అని వాళ్లే ముందు అడుగుతారు. పెడితే తిను.

అక్కడ నమ్మకమైన మనిషి ఒకామె ఉంది. పేరు, నంబరు ఇందులో రాయను. ఆదివారం ఇంటికి రా, చెప్తా. ఆమెకి ఉసిరికాయ పచ్చడి పంపాలి, సూట్‌కేసులో రెండు కిలోలకి చోటుంచు.

మీ పెద్దమ్మ