పిల్లల్ని చేతులెత్తమని మాత్రం అడగకు

అమ్మలూ,

మీ స్కూల్లో ఎనిమిదో తరగతి వాళ్లకి మద్యం గురించి బొమ్మల కథలతో ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషమేసిందో అంత భయమూ వేసింది. రాత్రంతా నిద్ర పట్టలేదు.

పాఠం ముందు నువ్వు చూసుకో. కరెంటు పోతే ఏం చెయ్యాలో అనుకుని ఉంచు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మందు అమ్మకూడదని కూడా చెప్పు. ఆస్ట్రేలియా స్కూళ్లలో 13, 14 ఏళ్ల పిల్లలు ఇలాంటి బొమ్మల కథలు కంప్యూటర్లో ఎవరికి వాళ్లు చూసి, ఆ తర్వాత క్లాసులో టీచరుతో మాట్లాడుకుంటారట కదా. ఆ మాట్లాడుకోవడం మానకు. అక్కడి కథలో పార్టీకి పిలిచి తాగమనేది స్నేహితుడు. మన పిల్లాడికి సంక్రాంతి పందేల బరి దగ్గర గ్లాసు అందించేది సొంత బాబాయి!

ఇక నా సంగతి. 1994 సంక్రాంతి సెలవులైపోయాయి. అంతకుముందు అక్టోబరులోనే సారా నిషేధం వచ్చింది. సారా మీద తిరగబడ్డ నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల గురించి చదివి చదివి నేనూ ఆవేశం మీదున్నాను. తొమ్మిదో తరగతిలోకి వెళ్లి "పండక్కి కల్లు తాగినవాళ్లు చేతులెత్తండి" అన్నాను. నాలుగైదు చేతులు సగం లేచి, నా మొహం చూసి దిగిపోయాయి. ఒక్కటి దిగలేదు. లంకలోంచి పడవ మీద వచ్చే కుర్రాడిది. తండ్రి కల్లు గీస్తాడు, వీడూ సాయంగా చెట్లెక్కుతాడు. మోచేతి కింద తాటిమట్ట గీరిన చారలు, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆ చెయ్యి నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

మర్నాడు ప్రార్థనలో వాణ్ణి అందరి ముందూ నిలబెట్టి, పాడైన లివరు బొమ్మ చూపించి, "రేపు వీడి గతి ఇదే" అన్నాను. వారం తిరక్కుండా బడి మానేశాడు. రేవు దాటి వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్న మోకు చుట్టుకుంటూ, "మీరడిగారు, ఆడు నిజం చెప్పాడండి. అంతేగా ఆడి తప్పు?" అన్నాడు. కుర్రాడు బయటికి రాలేదు.

మరుసటేడు అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. పిల్లలు మారారనుకున్నాను. నా ముందు నోరు మూసుకోవడం నేర్చుకున్నారంతే.

అందుకే చెబుతున్నాను తల్లీ, కంప్యూటర్లో ప్రశ్నలడిగితే పేరు వద్దు, రోల్ నంబరూ వద్దు. హెడ్మాస్టరు గారు లిస్టు అడిగినా ఇవ్వకు. పేర్లు లేని ఆ లెక్కనే పిల్లలకి చూపించు. 'అందరూ తాగుతున్నారు, నేనొక్కణ్ణే వెనకబడ్డాను' అనుకునేవాళ్లే ఎక్కువ. తాగనివాళ్లే ఎక్కువమందని తమ క్లాసు లెక్కలోనే కనపడితే ఆ టెన్షన్ తగ్గుతుంది. కల్లు గీసేవాళ్ల పిల్లలు కూర్చున్న క్లాసని మర్చిపోకు. వాళ్ల ఇంటి కూడుని తిట్టకు.

క్లాసయ్యాక ఎవడైనా నీ టేబుల్ దగ్గర ఊరికే నిలబడితే, కంప్యూటరు కట్టేసి, వాణ్ణి ముందు కూర్చోబెట్టు. అన్నం తిన్నాడో లేదో అడుగు. మిగతాది వాడే చెబుతాడు.

మీ మావయ్య